ఉప్పాడ పులుసు

ఉప్పాడ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చీరే. 2009లో భౌగోళిక గుర్తింపు అందుకున్న జాందానీ మరి! కానీ కాకినాడ నుంచి సముద్రాన్ని ఆనుకుని సాగే బీచ్ రోడ్డు మీదుగా వచ్చేవారిని మగ్గం చప్పుడు కంటే ముందు పలకరించేది చేపల వాసన. పొద్దెక్కేకొద్దీ దానికి ఉడుకుతున్న చింతపండు పులుసు ఘుమఘుమ తోడవుతుంది.

ఖరీదైన చేపలన్నీ ఈ దాకల్లోనే ఉడుకుతాయనుకుంటే పొరపాటు. వంజరం, చందువా, పెద్ద రొయ్య లాంటివి ఒడ్డు చేరగానే బేరమై, ఐసు పెట్టెల్లోకెక్కి ఊరు దాటిపోతాయి. ఇంటికి చేరేవి కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు. అదృష్టం బాగుంటే ఓ పెద్ద చేప తలకాయ. వేపుడుకైతే మంచి ముక్క కావాలి. పులుసుకు ఆ బెట్టు లేదు. తలకాయా, ముల్లూ ఉంటేనే దానికి రుచి. (కొరియావాళ్లూ చేప తలకాయలు, ముళ్లు వేసి ఎర్రగా కారం దట్టించి 'మెయున్‌తాంగ్' కాస్తారు. చింతపండు లేకుండా ఎలా తింటారో!)

ఇంట్లో చేసుకోవడం కష్టమేం కాదు. అరకిలో చేపలకు నిమ్మకాయంత చింతపండు నానేస్తే చాలు. చేపల్ని రాళ్లుప్పుతో రుద్ది, నీచు పోయేదాకా కడిగి, పసుపు, ఉప్పు, కారం పట్టించి పక్కన పెట్టాలి. వెడల్పాటి మట్టి దాకలో నూనె కాస్త ఎక్కువే పోసి మెంతులు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, నూరిన ఉల్లిపాయ వేసి, పచ్చివాసన పోయేదాకా వేయించాలి. కారం, ధనియాల పొడి, తర్వాత చింతపండు రసం. ఇక్కడే తొందర పనికిరాదు. పులుసు మరిగి మరిగి నూనె పైకి తేలాకే చేపలు జారవిడవాలి. కావాలంటే నాలుగు బెండకాయ ముక్కలు, చిన్న బెల్లం ముక్క. ఆపైన గరిటె పెట్టారో, అంతా ముళ్ల కూరే! దాకను గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పడమే. చిన్న చేపలకు పది నిమిషాలు చాలు. దించగానే తినేస్తే సగం రుచే. ముక్కకు పులుపు పట్టాలంటే రాత్రంతా అలా ఉండాలి. మర్నాడు చద్దన్నంలోకి దానికి సాటి లేదు.

అయితే ఆ దాక పెట్టే పొయ్యికే ఈ ఊళ్లో భరోసా లేదు. సముద్రం ఏళ్ల తరబడి ఇళ్లనూ, గుళ్లనూ మింగుతూనే ఉంది. దక్షిణాన పెరుగుతూ వచ్చిన హోప్ ఐలాండ్ ఇసుక మేట అలల తీరును మార్చడం ఒక కారణమంటారు. జియోట్యూబు గోడ కట్టారు, బండరాళ్లు పోశారు. అలలు వాటినీ లెక్కచేయలేదు. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు రోడ్డు మళ్లీ దెబ్బతింది. 2020 నవంబరులో నివర్ తుపాను వెళ్లాక మాత్రం ఇసుకలో బంగారు రవ్వలు దొరుకుతున్నాయని జనం ఒడ్డంతా జల్లెడ పట్టారు. మునిగిన ఇళ్లదీ, గుళ్లదీ ఆ బంగారమని ఊరి నమ్మకం. ఇల్లు పోయినవాళ్లు కాస్త వెనక్కి జరిగి మళ్లీ పొయ్యి వెలిగించుకుంటారు. మరీ దూరం వెళ్తే వేట సాగదు కదా!

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అప్పుడు ఆదుకునేవి ముందే ఎండబెట్టి దాచుకున్న నెత్తళ్లు. వాటి తలలు తుంచి, పొడిగా వేయించి, వేడినీళ్లలో కడిగి, వంకాయతో కలిపి పులుసు పెడతారు. ఉప్పు చివర్లో రుచి చూసి వేయాలి, ఎండు చేపలో ఎలాగూ ఉంటుంది. ఆ నెత్తళ్లు ఎండాలన్నా, వలలు బాగుచేసుకోవాలన్నా, పడవలు లాగిపెట్టాలన్నా కావలసింది ఒడ్డు. అదే ఉప్పాడలో కురచైపోతోంది.