కుర్సురా మెట్లు దిగాక...

మావాడు నేవీలో చేరి రెండేళ్ళయింది. మొన్న సెలవుకి వచ్చినవాడు, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన చేరి "అమ్మా, సబ్‌మెరైన్‌కి పేరిద్దామనుకుంటున్నా" అన్నాడు. అందులోకి ఎవరినీ బలవంతంగా పంపరట, ఇష్టమున్నవాళ్ళే వెళ్తారట. "ఓడ మీద ఉద్యోగం చాల్లేరా నాన్నా, నీళ్ళ అడుగుకి దేనికి?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఉల్లిపాయల వల్ల కాదండోయ్!

స్టీల్‌ప్లాంట్‌లో నైట్‌షిఫ్టు చేసి వచ్చిన మావారు "చూడకుండానే వద్దంటే ఎలా? కుర్సురా చూసిరా" అన్నారు. నిజమే. ఇరవై ఏళ్ళుగా గాజువాకలో కాపురం. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆర్.కె. బీచ్‌కి తీసుకెళ్తాను. వాళ్ళు లోపలికి వెళ్తే నేను బయట సంచులకి కాపలా కాస్తూ మురీ మిక్స్చర్ తినేదాన్ని!

రష్యా వాళ్ళు కట్టిన ఈ సబ్‌మెరైన్ 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో రిటైరయ్యాక ఒడ్డుకి చేర్చి, 2002 ఆగస్టులో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. కానీ లోపల ఏడు గదులు, వాటి మధ్య గుండ్రటి తలుపులు. వంగి దూరాల్సిందే.

అది మునిగేదెలాగో మావాడు చెప్పాడు. మన బిందె లాంటిదే. ట్యాంకుల్లో నీళ్ళు నింపితే మునుగుతుంది, గాలితో ఆ నీళ్ళు తోసేస్తే తేలుతుంది. డీజిల్ ఇంజన్లకి గాలి కావాలి కనుక పైకొచ్చినప్పుడే, లేదా గొట్టం పైకి పెట్టినప్పుడే అవి నడుస్తాయి. అప్పుడే బ్యాటరీలు ఛార్జి అవుతాయి. లోతున మోటార్లు తిరిగేది వాటితోనే, మనింట్లో కరెంటు పోతే ఇన్వర్టరులాగా!

వంటగది చూసి అక్కడే నిలబడిపోయాను. నా వంటింట్లో సగం లేదు. అందులోనే 75 మందికి వంట! మంచినీళ్ళు పొదుపుగా వాడాలి, స్నానాలమాట మరిచిపోవాలి. పడుకునే బల్లలు రైల్లో బెర్తుల కన్నా ఇరుకు.

చూపిస్తున్న పెద్దాయన ఒకప్పుడు సబ్‌మెరైన్లలో పనిచేశారట. ఘాజీ గురించి ఆయనే చెప్పారు. 1971 డిసెంబరులో ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ మన విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది. ఒక్కరూ బతకలేదు. శత్రువులే కావచ్చు, వాళ్ళకీ అమ్మలుంటారు కదండీ! నా కాళ్ళు వణికాయి.

ఉండబట్టలేక "మీ అమ్మగారు ఒప్పుకున్నారా బాబూ?" అని అడిగాను. "నేను అడగనేలేదమ్మా. చెప్పకుండా చేరిపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది" అన్నారాయన.

మావాడి వైపు చూశాను. వాడు చెప్పకుండా చేరిపోగలడు. అయినా నా పీట పక్కన కూర్చుని అడిగాడు.

బయటికొచ్చి సముద్రం వైపు చూస్తూ "సరే, పేరివ్వు" అన్నాను. ట్రైనింగ్ మన ఊళ్ళోనే, ఐఎన్‌ఎస్ శాతవాహనలోనట. అదొక్కటే ఊరట. భయం పోయిందా అంటే, లేదు. ఆ రాత్రి నిద్రే పట్టలేదు. కానీ భయపడుతూనే పిల్లల్ని మొదటిరోజు బడికి పంపలేదూ మనం? ఇదీ అంతేననుకుంటున్నాను. మీరేమంటారు?