పిలిస్తేనే... ఈ పేరంటం!

రాత్రి పదకొండైంది. కొండాపూర్‌లో ఓ అపార్ట్‌మెంటు ముందు క్యాబ్ ఆగి ఉంది. డిక్కీలో రెండు భారీ సూట్‌కేసులు, తాడుతో బిగించి కట్టిన ఓ అట్టపెట్టె. పెట్టెకి నాలుగువైపులా మార్కరుతో పెద్దపెద్ద అక్షరాల్లో పేరు, అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్ నంబరు. చీర మీద స్వెట్టరు, కాళ్లకి కొత్త స్పోర్ట్స్ షూ వేసుకున్న పెద్దావిడ మెట్లు దిగుతుంటే 'పాస్‌పోర్టు పెట్టుకున్నావా... మందుల చీటీ ఏదీ...' అంటూ వెనకే నలుగురు.

అదే సమయానికి మాదాపూర్‌లో మరో క్యాబ్. ఎక్కేది ఒక్కడే. చేతిలో చక్రాల చిన్న పెట్టె, భుజాన ల్యాప్‌టాప్. సాగనంపడానికి ఎవరూ కిందికి రారు. నెలకోసారి వెళ్లేవాడికి సాగనంపులేంటి!

ఇద్దరూ గచ్చిబౌలి దగ్గర అవుటర్ రింగు రోడ్డెక్కుతారు. ఇద్దరిదీ ఒకే విమానం. శంషాబాద్‌లో దిగాక మాత్రం ఎవరి దారి వారిదే. ఆమె ముందు మలుపులు తిరిగిన పెద్ద క్యూ. ఆయన ముందు ఎర్ర తివాచీ పరిచిన ఖాళీ కౌంటరు. ఆయన కొన్న టిక్కెట్టు కూడా ఎకానమీదే. మరి తేడా ఎక్కడుంది? జేబులో ఉన్న కార్డులో!

శేరిలింగంపల్లిలో ఈ కార్డుల ముచ్చట తెలియనివారు తక్కువ. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించేనాటికి దాని చుట్టూ ఉన్నవి ఎక్కువగా బండరాళ్లే. విదేశీ ప్రయాణమంటే సామాన్లేసుకుని బేగంపేటకి వెళ్లాల్సిందే. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి అక్కడికి అవుటర్ రింగు రోడ్డూ వచ్చింది. 2023 మార్చి 20న అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్ వదిలి నానక్‌రామ్‌గూడకి మారింది. ఉద్యోగం ఇక్కడే, వీసా ఇంటర్వ్యూ ఇక్కడే. కొంచెం దూరం వెళితే చిలుకూరు బాలాజీ... కోరిక చెప్పుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది. ప్రదక్షిణలు పూర్తయినవాళ్లు ఆ తర్వాత లెక్కపెట్టేవి మైళ్లు.

ఇక్కడి నుంచి షికాగోకి సుమారు 8 వేల మైళ్లు. ఏడాదిలో ఆరేడుసార్లు వెళ్లొస్తే లక్ష మైళ్లు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో పెద్ద హోదాకి 'వన్ కే' అన్న పేరు ఆ లక్ష లెక్కలోంచి పుట్టిందే. టిక్కెట్టు డబ్బు కంపెనీది, మైళ్లు మాత్రం ఉద్యోగివి. అందుకే ట్రావెల్ డెస్కువాళ్లు చవక దారి చూపిస్తే, ఉద్యోగి తన కార్డున్న విమానం కోసం పట్టుబడతాడు. ఏడాది చివర్లో కార్డు నిలబెట్టుకోవడానికి మైళ్లు తక్కువైతే పనేమీ లేకపోయినా ఎక్కడికో వెళ్లొచ్చేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఈ పిచ్చికి 'మైలేజ్ రన్' అని పేరే పెట్టారు. అయితే 2015లో డెల్టా, యునైటెడ్, మరుసటి ఏడాది అమెరికన్ లెక్క మార్చేశాయి. మైళ్లిచ్చేది తిరిగిన దూరానికి కాదు, పెట్టిన ఖర్చుకి! చవక టిక్కెట్టు మీద రెండుచోట్ల దిగి ఎక్కుతూ మైళ్లు పోగేసేవాళ్లకి అది పిడుగే.

ఈ మెట్లన్నీ ఎక్కినవాడికి పైన ఇంకో తలుపు కనిపిస్తుంది. దానికి గొళ్లెం బయట ఉండదు... లోపలివాళ్లు తియ్యాల్సిందే.

అడిగితే ఇవ్వరు

తిరుమల క్యూలు తెలిసినవారికి ఈ వ్యవహారం ఇట్టే అర్థమవుతుంది. సర్వదర్శనం ఉంది. మూడొందల టిక్కెట్టు ఉంది. ఆపైన వీఐపీ బ్రేక్ ఉంది. మొదటిది ఓపికకి, రెండోది డబ్బుకి. మూడోదానికి మీరెవరన్నది ముఖ్యం. విమానాల్లో ఆ మూడోరకం కార్డు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 'కన్సీర్జ్ కీ', యునైటెడ్‌లో 'గ్లోబల్ సర్వీసెస్', డెల్టాలో 'డెల్టా 360'. మన శంషాబాద్‌కి రోజూ వచ్చే ఎమిరేట్స్‌లోనూ 'ఐఓ' అని ఒకటుంది. 'ఇన్విటేషన్ ఓన్లీ'కి పొడి అక్షరాలే ఆ పేరు. వీటికి దరఖాస్తు ఫారం ఉండదు. ఎంత ఖర్చు పెడితే ఇస్తారో ఎక్కడా రాసి ఉండదు. సొంత ఖర్చుతోపాటు, మీ కనుసన్నల్లో ఎంతమంది ఉద్యోగుల టిక్కెట్లు ఉన్నాయన్నదీ చూస్తారని ప్రయాణాల్లో పండినవాళ్లు చెబుతారు. అంటే, ఎంత తిరిగావన్నది కాదు... ఎంతమందిని తిప్పగలవన్నది!

పిలుపొస్తే దక్కేదేమిటి? మామూలు కాల్ సెంటర్ కాదు, వెంటనే మనిషి పలికే ఫోన్ నంబరు. విమానం ఆలస్యమైతే మనం కంగారుపడేలోపే మరోదాంట్లో సీటు. అందరికన్నా ముందు ఎక్కించడం. అన్నిటికన్నా పెద్ద ముచ్చట ఇంకోటుంది. దిగిన విమానం మెట్ల దగ్గరే కారు ఉంటుంది! రన్‌వే పక్కనుంచి తీసుకెళ్లి నేరుగా రెండో విమానం దగ్గర దింపుతుంది. డెల్టావాళ్లు ఇందుకు పోర్షె కార్లు, అమెరికన్‌వాళ్లు క్యాడిలాక్‌లు వాడుతూ వచ్చారు. ప్రతిసారీ వస్తుందని హామీ ఏమీ లేదు. రావచ్చు, రాకపోవచ్చు. ఆ ఊరింపులోనే ఉంది కిటుకంతా.

ఇది ఇవాళ్టి తెలివి కాదు. 1939లో న్యూయార్క్ లగార్డియాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్మిరల్స్ క్లబ్' పేరుతో విశ్రాంతి గది తెరిచినప్పుడు కంపెనీ పిలిచినవాళ్లకే ప్రవేశం. 1981 మే 1న అదే సంస్థ మైళ్ల పథకం మొదలుపెట్టింది. అందులో మొదట ఎవరిని చేర్చుకోవాలి? తమ రిజర్వేషన్ కంప్యూటర్లలో పదేపదే కనిపించిన ఫోన్ నంబర్లను ఏరారు. డేటా తవ్వకం అని మన హైటెక్ సిటీలో ఇప్పుడు పాఠాలు చెబుతున్నారే... ఆ పనే! అదే ఏడాది రెండున్నర లక్షల డాలర్లు కడితే జీవితాంతం ఎన్నిసార్లైనా ఎగరొచ్చంటూ 'ఎయిర్‌పాస్' కూడా అమ్మారు. కొన్నవాళ్లలో కొందరు నిజంగానే ఎగురుతూనే ఉండటంతో కంపెనీకి దిమ్మతిరిగింది.

పిలుపుల పేరంటంలో పేచీలూ ఉంటాయి. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ 'ఛైర్మన్స్ లౌంజ్'కి పార్లమెంటు సభ్యుల్ని పిలుస్తారు. 2023లో ప్రధాని ఆల్బనీస్ కొడుక్కి కూడా సభ్యత్వం ఉందని బయటపడి పెద్ద రచ్చయింది. విమానాల నిబంధనలు రాయాల్సినవాళ్లని ఊరికే పిలుస్తారా అని జనం అడిగారు. న్యాయమైన ప్రశ్నే కదా!

సొరుగులో మహారాజులు

మాదాపూర్‌లో పనిచేసే ఓ మిత్రుడి దగ్గర ఇలాంటి కార్డులు సొరుగు నిండా ఉన్నాయి. కింగ్‌ఫిషర్ వారి 'కింగ్ క్లబ్'... ఆ విమానాలు 2012లో ఆగిపోయాయి. జెట్ ఎయిర్‌వేస్ ప్లాటినం... 2019 ఏప్రిల్ 17న ఆఖరి విమానం. విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసిపోయింది. ఇప్పుడు వాటితో ఆయన కూతురు పేకమేడలు కడుతోంది. పైమెట్టు పిలుపు ఆయనకి రానేలేదు. ఏటా జనవరిలో ఈమెయిలు చూసుకోవడం ఓ అలవాటైపోయిందట.

2020 మార్చి ఆఖరి వారంలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు ఆయన న్యూజెర్సీలో ఉన్నాడు. భార్యాపిల్లలు ఇక్కడ. విమాన సంస్థ నుంచి చాలా మర్యాదగా ఉత్తరం వచ్చింది, కార్డు గడువు మరో ఏడాది పొడిగించామని! ఎగిరే విమానమే లేదు. మే నెలలో కేంద్రం 'వందే భారత్' విమానాలు మొదలుపెట్టింది. రాయబార కార్యాలయం ఫారంలో పేరు నమోదు చేసుకోవాలి. అందులో కార్డు నంబరు రాసే గడి లేదు. ఎవరికి ముందు? గర్భిణులకి, వృద్ధులకి, వైద్యం అవసరమైనవాళ్లకి, ఇంట్లో ఎవరైనా పోయినవాళ్లకి, ఉద్యోగం ఊడి వీసా గడువు తీరినవాళ్లకి, విద్యార్థులకి. మా మిత్రుడు ఈ జాబితాలో ఎక్కడా పట్టలేదు. పదేళ్లలో మొదటిసారి క్యూలో చివర నిలబడ్డాడు. వారాల తరబడి పిలుపు కోసం ఎదురుచూశాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. తనకన్నా ముందు ఎక్కిన నిండుచూలాలి గురించే ఎక్కువ చెప్పాడు.

ఇక్కడ మన పెద్దావిడ దగ్గరికి రావాలి. కొండాపూర్ నుంచి బయల్దేరినావిడ... ఆమెకి ఇంగ్లిష్ రాదు. దారిలో దుబాయ్‌లోనో, దోహాలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారాలి. ఆ పేద్ద విమానాశ్రయంలో గేటు ఎటో, బోర్డు మీద ఏముందో ఎవరు చెబుతారు? అందుకే తెలుగిళ్లలో అందరికీ తెలిసిన ఓ ఉపాయం ఉంది. టిక్కెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ అడుగుతారు. నిజంగా మోకాళ్లనొప్పులున్నవాళ్లూ అడుగుతారు, మోకాళ్లు బాగానే ఉండి భయం మాత్రమే ఉన్నవాళ్లూ అడుగుతారు. నడవలేనివాళ్లకి కుర్చీ దొరక్కుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి రెండోరకాన్ని సమర్థించలేం. కానీ ఆ తల్లులు కోరేది కుర్చీని కాదు, పక్కన ఓ మనిషిని. విమానం తలుపు దగ్గర పేరు పట్టుకుని నిలబడి, క్యూలు దాటించి, రెండో విమానంలో కూర్చోబెట్టే మనిషిని. ఎక్కడో విన్నట్టుంది కదూ! కోట్లు ఖర్చు పెట్టేవాడికి పిలిచి ఇచ్చే మర్యాద కూడా అదే.

శంషాబాద్‌లో తెల్లవారుజామున గేటు దగ్గర చూడాలి. ఓ పక్క ప్రయారిటీ వరస... నిలబడ్డ తీరులోనే దర్జా కనిపిస్తుంటుంది. మరోపక్క గోడవారగా పది పన్నెండు చక్రాల కుర్చీలు. మంకీ క్యాపులు, చేతి సంచులు, ఒళ్లో మందుల కవర్లు. పక్క కుర్చీలో ఆవిడది గుంటూరని, ఆవిడ కూడా కూతురి కాన్పుకే వెళుతోందని అప్పటికే మనావిడ తెలుసుకుంది. చెకిన్‌లో వేసిన ఆవకాయ డబ్బా మూత గట్టిగా బిగించానా లేదా అని ఇద్దరికీ ఒకటే బెంగ.

గేటు తెరిచారు. ప్రయారిటీ వరసలో ముందున్నాయన పెట్టె హ్యాండిలు పైకి లాగాడు. సిబ్బంది చెయ్యి అడ్డుపెట్టి ఆయన్ని ఒక్క నిమిషం ఆగమన్నారు. మొదటి కుర్చీ కదిలింది.