షిజూ కొండల్లో హ్వాంగ్‌లియెన్ సాగు

చైనాలోని చోంగ్‌చింగ్‌కు తూర్పున, తుజియా తెగవారి స్వయంపాలిత ప్రాంతమైన షిజూ కౌంటీలో, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న హ్వాంగ్‌షుయీ పట్టణం దాటి కొండవాలు ఎక్కే సందర్శకునికి వరుసలు వరుసలుగా పొట్టి పందిళ్లు ఎదురవుతాయి. వాటి నీడన పెరిగే హ్వాంగ్‌లియెన్ (శాస్త్రనామం కోప్టిస్ చైనెన్సిస్) చైనా సంప్రదాయ వైద్యులు ఒంటి వేడికీ విరేచనాలకూ వాడే అతి చేదు మూలిక. వ్యవహారంలో దీన్ని వేరు అంటున్నా, నిజానికి ఇది పసుపు, అల్లం వంటి కొమ్ము, అంటే నేలలో పెరిగే కాండం.

ఎండ పొడ తగిలితే ఆకు మాడిపోయే ఈ మొక్క నారు నాటాక పంట చేతికి రావడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది; కొమ్ము ఏటా పైకి ఎదుగుతుంది కనుక రైతులు ఏడాదికొకసారి మొదళ్లకు మట్టి ఎగదోస్తారు. ఆ మట్టి మందమైతే కణుపుల మధ్య భాగం నున్నగా, పుల్లలా సాగిపోతుంది. వ్యాపారులు ‘వంతెన’ అని పిలిచే ఆ భాగం పొడవుగా ఉంటే సరుకు నాసిరకమన్నమాట. పూర్వం పందిరి గుంజల కోసం అడవులు నరికేవారు. సిమెంటు స్తంభాలు, నీడవలలు, చెట్ల కింది సాగు వచ్చాక ఆ నష్టం కొంత తగ్గింది. అయితే పంట తీసిన నేలలో వెంటనే మళ్లీ నాటితే కుళ్లు తెగులు పట్టుకునే బెడద మాత్రం తీరలేదు.

చూడదగినది అసలు తవ్వకాల తర్వాతి పనే. అక్టోబరు, నవంబరు నెలల్లో తీసిన కొమ్ములను, సారం నీటిలో పోతుందని, కడగకుండా మట్టితోనే నిప్పు సెగ మీద ఆరబెట్టి, పొడవాటి వెదురు బుట్టలో పోసి ముందుకూ వెనక్కూ ఊపుతారు. ఆ రాపిడికి మన్ను, పీచువేళ్లు, ఆకుకాడలు రాలిపోయి, కోడికాలి ఆకారంలో చీలిన కొమ్ము మిగులుతుంది. దాన్ని విరిస్తే లోపల పసుపు పచ్చని రంగు బయటపడుతుంది. రంగుకూ చేదుకూ కారణం బెర్బరిన్ అనే ఆల్కలాయిడ్. ఎండిన సరుకులో అది 5.5 శాతానికి తగ్గకూడదని చైనా ఔషధ ప్రమాణ గ్రంథం నిర్దేశిస్తోంది.

ఇదే ప్రజాతికి చెందిన మిష్మి తీతా అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో సహజంగా పెరుగుతుంది గాని, మితిమీరిన సేకరణ వల్ల అరుదైపోయింది. హ్వాంగ్‌లియెన్ వంటి ఇంత చేదు మందును చైనీయ కుటుంబాలు పురిటి బిడ్డలకు కూడా పట్టేవి. నవజాత శిశువుల్లో కామెర్లను ఇది ముదరబెడుతుందన్న ఆందోళనతో సింగపూర్ 1978లో బెర్బరిన్ ఉన్న మూలికలను నిషేధించి, 2013 నుంచి దశలవారీగా సడలించింది. తెలుగునాట వాడుకలో ఉన్న మానుపసుపులోనూ బెర్బరిన్ ఉంది కనుక, వైద్యుని సలహా లేకుండా దాన్ని పసికందులకు పట్టకూడదు.