ఆకాశరామన్న వేగు

ఊరూ పేరూ లేని ఉత్తరం రాసేవాడికి మన భాష ఏనాడో ఒక పేరు పెట్టింది: ఆకాశరామన్న. నందిగామ దగ్గర మా ఊళ్ళో (2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా; నాకింకా కృష్ణా జిల్లాయే) తాతగారు మునసబుగా ఉన్న రోజుల్లో ఇలాంటివి తరచూ వచ్చేవట. సంతకమున్న ఉత్తరం గోడమీది ఇనపతీగకు, లేనిది పొయ్యిలోకి. చెరువుకట్టను తూము పక్కన ఎవరో తవ్వుతున్నారని వచ్చిన కార్డూ పొయ్యిలోకే పోయింది. ఆ వానాకాలం అక్కడే గండి పడింది. ఇసక మేటవేసిన పొలం మనదే కాబట్టి సరిపోయింది, వేరొకరిదైతే ఏ మొహం పెట్టుకుని తిరిగేవారని నాయనమ్మ దెప్పేది.

నిరుడు నా జీమెయిలు స్పాము అరలో ఒక వేగు కనబడింది. పంపినవారి పేరుండవలసిన చోట అర్థంలేని అక్షరాలు, అంకెలు. ఏదో అనామక వేగుల సేవనుంచి వచ్చింది. ఇంగ్లీషు లిపిలో తెలుగు: మీ నాన్నగారి పొలం ఎవరో అమ్మజూపుతున్నారు, వెంటనే చూసుకోండి. కింద ఒక లంకె. ఆ అరలోవి ముప్పై రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. దీనికి అప్పటికే ఇరవై ఆరు నిండాయి.

పేరు లేదు, తొందరపెడుతోంది, లంకె నొక్కమంటోంది. చెత్తకు ఇంతకన్నా లక్షణాలేం కావాలి? సర్వే నంబరు మాత్రం సరిగ్గా ఉంది. అడంగలు ఎవరైనా చూడవచ్చు కనుక అదీ రుజువు కాదు. అయితే జల్లెడ దాన్ని పక్కన పెట్టడం కూడా రుజువు కాదు. ఇటువంటి సేవల్లో అందరి వేగులూ ఒకే సర్వరునుంచి వెళతాయి. పదిమంది మోసగాళ్ళు దాన్ని వాడుకుంటే దానికి చెడ్డపేరొస్తుంది. పదకొండోవాడు నిజం చెప్పినా చెత్తలోనే పడతాడు.

ఫిన్లండులో యోహాన్ హెల్సింగియస్ 1993లో మొదలుపెట్టిన పెనెట్ సేవ, పంపినవారి చిరునామా చెరిపి ఒక అంకె ఇచ్చేది. చర్చి ఆఫ్ సైంటాలజీ ఫిర్యాదుమీద 1995లో అక్కడి పోలీసులు ఒక అంకె వెనకున్న అసలు చిరునామా రాబట్టారు. తనను నమ్మినవారి గుట్టుకు చట్టంలో రక్షణ లేదని తేలాక, 1996లో ఆయన సేవనే మూసేశాడు.

నేను లంకె నొక్కలేదు, జవాబివ్వలేదు. జవాబిస్తే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని మోసగాడికి మనమే చెప్పినట్టు. బాబాయికి ఫోను చేశాను. ఆయన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించారు. అమ్మకమేదీ నమోదు కాలేదు. హమ్మయ్య అనుకుని పొలానికి వెళితే, సరిహద్దు రాళ్ళు రెండు లేవు. ఎవరో మధ్యవర్తి కారులో మనుషులను తెచ్చి చూపిస్తున్నాడని, బయానాదాకా వచ్చిందని పక్కచేను రైతు చెప్పాడట. బాబాయి మర్నాడే నాన్న పేరుతో బోర్డు పాతించారు.

ఆ వేగును చెత్తలోంచి బయటికి తీశాను. లంకె ఇప్పటికీ నొక్కలేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు బాబాయి అది చూపించమన్నారు. రాసిన తీరు చూస్తే మనవాళ్ళలో ఎవరో ఇట్టే చెప్పగలనన్నారు. ఫోను జేబులో పెట్టేసుకున్నాను.