ఊరికే అలా వెళ్లొచ్చాం!

రికార్డింగ్ డాన్సు అనగానే మనం మొహం తిప్పుకుంటాం. మగవాళ్లేమో "ఊరికే అలా వెళ్లొచ్చాం" అంటారు. ఆ "ఊరికే"కి మన ఓరుగల్లులో చాలా చరిత్రే వుంది లెండి! 15వ శతాబ్దపు "క్రీడాభిరామం"లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఇక్కడి వీధులన్నీ తిరిగి కోడిపందాలు, పొట్టేళ్ల పందాలు, వేశ్యవాడ అన్నీ చూస్తారు. ఆ ఇద్దరు మగవాళ్ల కళ్లతోనే మనకు నగరం కనిపిస్తుంది.

వరంగల్ దగ్గరి ఓ జాతరలో, ఆడవాళ్ల వరసలో కూచుని నేనూ ఓసారి రికార్డింగ్ డాన్సు చూశాను. హాస్యగాడు డాన్సు పిల్ల మీద మోటుజోకు వేశాడు. తోలుబొమ్మలాటలో బంగారక్కలా ఆ పిల్ల మాటకి మాట అప్పజెప్పింది. ఈలలు ఠక్కున ఆగాయి. మా వరస మాత్రం కొంగులు నోటికడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది.

ఇంటికెళ్లి ఏ ఒక్కరూ ఆ నవ్వు సంగతి చెప్పి వుండరు. మొహం తిప్పుకోవలసింది ఆ పిల్లని చూసి కాదేమో!