పసిపిల్లల ఇంటిపని

'ఇంటిపని' యను మాట మనకు క్రొత్తది కాదు. వంటయు, అంట్లును, బట్టలును, పెద్దల పరిచర్యయు అందులో ఇమిడియున్నవి. ఇప్పుడు బడులవారు హోంవర్కునకును ఆ పేరే పెట్టిరి. పేరు తగియే యున్నది; ఏలయన, ఒకటవ రెండవ తరగతుల బిడ్డల విషయమున అది తల్లుల ఇంటిపనులలో ఒకటిగానే పరిణమించినది.

మా వారు బడిపంతులు. రాత్రి భోజనములైన పిదప వారు వసారాలో కూర్చుండి పరుల బిడ్డల పుస్తకములు దిద్దుచుందురు. లోపల నేను రెండవ తరగతి చదువు మా కుమారునిచేత హోంవర్కు వ్రాయించుచుందును. పాఠము మూడుమారులు చూచి వ్రాయవలెను. నాలుగుగీతల పుస్తకమున ఒక పుట ఇంగ్లీషు. ఆపైన ఏడవ ఎక్కము. రెండవమారు వ్రాయునప్పటికి వాని వ్రేళ్లు నొచ్చును. మూడవమారు అక్షరములు గీత దాటును, కన్నులు మూతపడును. ఏమి వ్రాసితివిరా యని యడిగిన చెప్పలేడు.

అయినను దీనిని బొత్తిగా నిందించుటకు నాకు నోరు రాదు. తీసివేత లెక్కలలో పదులస్థానమునుండి అప్పు తెచ్చుకొనుట వానికి బోధపడలేదని నాకు తెలిసినది ఆ పుస్తకమువలననే. చింతగింజలు పదేసి కుప్పలుగా పెట్టించి చూపగా క్షణములో గ్రహించి నవ్వినాడు. ఆ నవ్వు చూచుభాగ్యము హోంవర్కు లేకున్న నాకు కలుగకపోవును.

నా చదువు మా తాతగారియొద్ద ఇంటనే సాగినది. పూలు గ్రుచ్చుచు అమరము వల్లించితిని. భాగవతపద్యములు కంఠస్థము చేసితిని. కావున వల్లెవేయుట వ్యర్థమని నేననజాలను. కాని అది నోటిపని. వినువారు ఎదుటనే యుండిరి. తప్పు పలికిన అప్పుడే దిద్దిరి. పోతనగారి భాగవతమున హిరణ్యకశిపుడు సైతము గురువులయొద్దనుండి వచ్చిన ప్రహ్లాదుని చేరదీసి, ఏమి నేర్చితివని యడుగును గాని, ఎన్నిమారులు వ్రాసితివని యడుగడు. తరువాతి కథ యెట్లున్నను ఆ ప్రశ్న మంచిదే.

నా మనస్సును మిక్కిలి కలచునది వేరొకటి. మా వీధిలో నొక బాలిక కలదు. తల్లి కుట్టుపనికి పోయి రాత్రి యెనిమిదింటికిగాని రాదు. ఆమెకు చదువు రాదు. హోంవర్కు సెల్‌ఫోనునకు వచ్చును. ఆ ఫోను తల్లివెంట పోవును. మరునాడు పిల్ల తరగతిలో నిలువబడవలెను. మా వాని పుస్తకముమీద మాత్రము 'చాల బాగున్నది' యని యెఱ్ఱసిరాతో వ్రాసియుండును. ఆ మెప్పులో సగము నా తీరికకు చెందినది. ఆ శిక్ష యంతయు ఆ తల్లి లేమికి చెందినది. ఇప్పుడా పిల్ల సాయంకాలము మా వసారాకే వచ్చుచున్నది. మరి వసారా దొరకని పిల్లల మాట యేమి?

పెద్దలు దీనిని గ్రహింపకపోలేదు. 1993లో యశ్‌పాల్‌గారి సంఘము ప్రాథమిక తరగతులకు ఇట్టి ఇంటిపని కూడదనెను. 2018లో మద్రాసు హైకోర్టు 1, 2 తరగతులకు హోంవర్కు ఇయ్యరాదని ఆదేశించెను. 2020 నాటి కేంద్రప్రభుత్వ బడిసంచి విధానమును రెండవ తరగతివరకు వలదనియు, 3 మొదలు 5 వరకు వారమునకు రెండుగంటలు మించరాదనియు చెప్పినది.

"ఏమండీ, ఇన్ని మాటలుండగా ఇదేల మానదు?" అని మా వారి నడిగితిని. "ఇయ్యకున్న తల్లిదండ్రులే వచ్చి, మీ బడిలో చదువు చెప్పుటలేదందురు" అనిరి. ఆ మాటకు బదులు తోచలేదు. పుటలు నిండినగాని చదువైనట్లు కాదను నమ్మకము మన యిండ్లలోనే యున్నది.

కావున సోదరీమణులారా, బడివారిని మనమే కోరుదము. చిన్నతరగతులకు వ్రాతపని వలదు. ఒక పద్యము అప్పగించుట, విన్న కథ తిరిగి చెప్పుట, ఇంటిలోని గిన్నెలు లెక్కించుట చాలును. చేయలేకపోయిన బిడ్డను నిలువబెట్టరాదు. బిడ్డతో గడపు ఆ పావుగంట నాకు కావలెను. ఆ మూడుపుటలు మాత్రము వలదు. మీ యిండ్లలో ఎట్లు జరుగుచున్నదో మీరును వ్రాయుదురుగాక.