చెమట లేని ఉప్పు

జనవరిలో డెట్రాయిట్ చుట్టుపక్కల ఎవరి బూట్లు చూసినా ఒకటే తీరు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు బూట్లకు పట్టుకుంటుంది, ఇంట్లోకి వచ్చాక ఆరి తోలు మీద తెల్లని చారలు కడుతుంది. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం, గడప దగ్గర కూచుని తడిగుడ్డతో ఆ చారలు తుడుస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఇవి నాకు తెలిసిన చారలే. బాపు బనీను మీద ఉండేవి.

రామకృష్ణాపూర్‌లో మాది బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్. బాపు కోల్ ఫిల్లర్. తట్టా, పారలాంటి చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపే పని, ఎన్ని నింపితే అంత కూలి. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి బనీను వీపంతా బొగ్గు నలుపు, ఆ నలుపు మీద చెమట ఎండిన తెలుపు. అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని విప్పించి దండెం మీద వేస్తే బట్ట వంగేది కాదు, అట్టలాగా నిలబడేది. ఉతికే ముందు రెండుసార్లు ఉత్త నీళ్లలో ముంచి పిండేది. సబ్బు పెడితే ఉప్పు మీద నురగ రాదని ఆమె లెక్క.

బాపు సద్ది గిన్నెలో అన్నం కన్నా తొక్కు ముందు కనిపించేది. మామిడికాయ తొక్కు, అందులో దొడ్డుప్పు పలుకులు ఇంకా కరగకుండా. అయినా అర్ధరాత్రి పిక్కలు పట్టేసి లేచి కూచునేవాడు. కాలు గుంజుకుపోయి, బొటనవేలు పైకి తిరిగి, మనిషి కేక బయటికి రాకుండా పళ్లు బిగబట్టేవాడు. అవ్వ లేచి గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు, అర నిమ్మకాయ పిండి తాగించేది. నడుం నొప్పి ఉంటే దొడ్డుప్పు పెనం మీద వేడిచేసి పాత గుడ్డలో మూటగట్టి కాపడం. ఉప్పుతోనే దిష్టి తీసేది. బొగ్గు పొయ్యిలో పడి ఉప్పు చిటపటలాడితే, ‘చూసినవా, ఎవని కన్నో’ అని తృప్తిపడేది.

ఆ నిమ్మకాయ ఉప్పునీళ్ల వెనక ఉన్న సంగతిని 1923లో కె. నెవిల్ మాస్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. వేడి గనుల్లో బొగ్గు కొట్టేవాళ్లకు కండరాలు పట్టేయడానికి కారణం వెతికాడాయన. చెమటతో నీళ్లూ ఉప్పూ రెండూ పోతాయి, కార్మికుడు ఉత్త నీళ్లు మాత్రమే తాగుతాడు, ఒంట్లో మిగిలిన ఉప్పు మరింత పలచబడుతుంది, కండరం గుంజుకుంటుంది. తాగే నీళ్లలో కొంచెం ఉప్పు కలిపితే తగ్గుతుందని తేల్చాడు. మా అవ్వకు మాత్రం ఆ సంగతి పక్క క్వార్టర్ పెద్దమ్మ చెప్పిందట. ఇప్పటికీ ఎండాకాలం మా బొగ్గు బెల్టులో ఓపెన్‌కాస్ట్ కార్మికులకు మజ్జిగ ప్యాకెట్లు ఇస్తారు. అదీ ఇదే వైద్యం.

నేనున్న చోట కూడా కాళ్ల కింద గని ఉంది. అది ఉప్పు గని. డెట్రాయిట్ నగరం కింద 1,100 అడుగుల పైచిలుకు లోతులో, 1910 నుంచి తవ్వుతున్నారు, మధ్యలో కొన్నేళ్లు మూతపడింది. సుమారు నలభై కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న సముద్రం ఎండిపోతే మిగిలిన ఉప్పు అది. మన గోదావరి లోయ బొగ్గు కన్నా వయసులో పెద్దది. రోడ్ల మీద చల్లేది దాన్నే. నేను దిగి చూడలేదు. వీడియోలు చూసి ఒకరోజు ఫోన్లో బాపుకు చెప్పాను.

‘ఉప్పు బాయా?’ అన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వరసపెట్టి అడిగాడు. ‘పిల్లర్లు ఇడిసిపెడుతున్నరా? గ్యాసుంటదా? ఊట నీళ్లు వస్తయా? గాలెట్ల?’

పిల్లర్లు వదిలే తవ్వుతారని, లోపల పొడిగా, చల్లగా ఉంటుందని చెప్పాను.

‘చెమట పట్టదా మరి?’

‘అంతగా పట్టదు బాపూ.’

‘చెమట పట్టని బాయిల ఉప్పు తవ్వుతున్నరా’ అని నవ్వాడు. ఆ రోజు ఆ మాట నాకు తమాషాగానే అనిపించింది.

మిషిగన్‌కూ ఉప్పుకూ ఇంకో చుట్టరికం ఉంది, చెప్పకుండా ఉండలేను. అమెరికాలో అయోడిన్ కలిపిన ఉప్పు మొదట కిరాణా కొట్లకు వచ్చింది ఈ రాష్ట్రంలోనే, 1924 మేలో. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు సైన్యంలోకి తీసుకోవడానికి కుర్రాళ్లను పరీక్షిస్తే, ఉత్తరాన రాగి గనులున్న హౌటన్ కౌంటీలో చాలామందికి గొంతు దగ్గర వాపు కనిపించింది. మట్టిలో, నీళ్లలో అయోడిన్ లేకపోవడమే కారణం. మిషిగన్ విశ్వవిద్యాలయం పిల్లల డాక్టర్ డేవిడ్ ముర్రే కౌయీ పట్టుబట్టి ఉప్పు కంపెనీలను ఒప్పించాడు. అందరూ రోజూ తినే వస్తువు అదొక్కటే కదా.

రోజూ తింటాం కనుకనే నేనూ దొరికిపోయాను. నలభై రెండో ఏట మామూలు చెకప్‌కు వెళితే బీపీ 152/98. ఏం తింటారని డాక్టర్ అడిగింది. అన్నం, పప్పు, కూర అన్నాను. తొక్కు సంగతి చెప్పలేదు, ఆమెకెందుకులే అనుకున్నాను. చేతిలో కాగితం పెట్టి వారం రోజులు తిన్న ప్రతిదానిలో సోడియం ఎంతో రాయమంది. సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకు రోజుకు అయిదు గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు. నేను మధ్యాహ్నానికే దాటేస్తున్నాను. ఉప్పగా అనిపించని బ్రెడ్డులోనూ ఉంది, సూపు డబ్బాలోనూ ఉంది. అమెరికాలో జనం తినే సోడియంలో సుమారు డెబ్బై శాతం ఇలా ప్యాకెట్లలోంచీ హోటళ్లలోంచీ వస్తుందట. రామకృష్ణాపూర్‌లో ఉప్పెంతో అవ్వ చెయ్యి తేల్చేది. ఇక్కడ ముందు ఫ్యాక్టరీ తేలుస్తుంది, దాని మీద నేను ఊరి నుంచి తెచ్చుకున్న తొక్కు.

ఆ కాగితం ముందేసుకుని కూచున్నప్పుడు చెమట పట్టని బాయి గురించి బాపు అన్న మాట గుర్తొచ్చింది. ఆయన షిఫ్టంతా చెమటోడ్చి, పోయిన ఉప్పును తొక్కుతో తెచ్చుకునేవాడు. నేను ఏసీలో ఎనిమిది గంటలు కుర్చీ దిగకుండా అదే తొక్కు తిన్నాను. ఆయన నాలుక నాకొచ్చింది, ఆయన పని రాలేదు. లోపలికి పోయినది బయటికి వెళ్లే దారి మూత్రపిండాలే, ఆ భారమంతా వాటి మీదా రక్తనాళాల మీదా పడుతుంది.

నా సంగతి సరే, దిద్దుకున్నాను. నాలుక మారడానికి నెలపైనే పట్టింది. మొదట్లో పప్పు గడ్డిలా ఉంది, ఇప్పుడు హోటల్ సాంబారు నోట పెట్టలేను. పొటాషియం కలిపిన ఉప్పు కూడా దొరుకుతుంది. చైనా పల్లెల్లో సుమారు 21 వేల మంది మీద చేసి 2021లో బయటపెట్టిన పరిశోధనలో దానివల్ల పక్షవాతం తగ్గింది. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

ఎటూ తెగనిది బాపు సంగతే. గని పని దిగిపోయి పన్నెండేళ్లయింది. తట్ట పోయింది, చెమ్మస్ పోయింది, చెమట పోయింది. సద్ది గిన్నెలోని ఉప్పు మాత్రం అన్నం పళ్లెంలోకి మారింది. ఏరియా ఆసుపత్రిలో ఇచ్చిన బీపీ గోలీలు తప్పకుండా వేసుకుంటాడు, వేసుకుని తొక్కు కలుపుకుంటాడు. తగ్గించు బాపూ అంటే, ‘ఉప్పు తిని బతికిన బిడ్డా, ఉప్పుతోని సస్తనా?’ అంటాడు. ముప్పయ్యేళ్లు ఆయన్ను నిలబెట్టింది ఆ ఉప్పే, కనుక ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే వాదించడం మానేసి అవ్వతో మాట్లాడాను. ఉప్పు డబ్బాలో పెద్ద చెంచా తీసేసి చిన్నది వేసింది. తొక్కు జాడీ ఇప్పుడు పై అరలో ఉంది. ఆయనకు చెప్పలేదు. ‘ఈ మధ్య కూరలు సప్పగైతున్నయ్, వయసైంది మీ అవ్వకు’ అని నాతో ఫిర్యాదు చేశాడు.

గనుల్లో పనిచేసి దిగిపోయిన నాయినలున్న పిల్లలు దేశం బయట చాలామందే ఉన్నారు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు గోలీ వేసుకున్నవా అని ఆయన్ను అడుగుతూనే ఉంటాం. ఈసారి అమ్మను కూడా ఒక మాట అడగండి, కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులు వస్తోందని. ఇద్దరే ఉన్న ఇంట్లో, తొక్కులో వేసేది కూడా కలుపుకొని, అది మూడు నెలలు దాటి రావాలి.